పెళ్లి ప్రకటనల్లోంచి ఆ రంగు మాట తీసెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక లంక ఊరు. ముప్పై ఏళ్లకి పైన అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ మా ఇంటికి మీ పేపరే వస్తుంది, ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరం కూడా రాయలేదు. మొన్న ఆదివారం పెళ్లి ప్రకటనల పేజీ ముందేసుకుని తెల్లని అమ్మాయి, మంచి రంగు, ఎర్రగా ఉండాలి, ఫెయిర్ అన్న మాట ఎక్కడ కనపడితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ వెళ్లాను, చివరికొచ్చేసరికి పేజీ నిండా గీతలే. అందులో ఒకటి మా పక్కూరి వాళ్లది, ఆ అబ్బాయి నాకు బాగా తెలుసు, నా సెంటర్లో నేను గుడ్డు ఒలిచి చేతిలో పెడితే తిన్న పిల్లాడే. వాడు నలుపు, వాళ్లమ్మ నలుపు, బంగారంలాంటి మనిషి ఆవిడ. అలాంటి తల్లి కూడా కోడలు తెల్లగా కావాలని డబ్బులిచ్చి మరీ వేయించింది అంటే ఆవిడ చిన్నప్పట్నుంచీ ఎన్ని మాటలు పడిందో అనిపించింది నాకు. అందుకే రాస్తున్నా, కాస్త పెద్ద ఉత్తరం అవుద్ది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయి నలుపండి. ఇదివరకు చామనఛాయ అని చెప్పేదాన్ని, ఇప్పుడు నలుపనే చెప్తున్నా, అదేం తప్పు మాట కాదు కదా. అది పుట్టినప్పుడు చూడ్డానికొచ్చిన వాళ్లంతా ముక్కు బాగుంది, కళ్లు బాగున్నాయి అని అక్కడితో ఆగిపోయేవారు. ఒకావిడైతే నన్ను ఓదార్చడానికి "పోన్లేవే, కాకిపిల్ల కాకికి ముద్దు" అంది. నేను కూడా నవ్వి ఊరుకున్నా.

దానికి ఏడేళ్లున్నప్పుడు ఒకరోజు కాలవ రేవులో అంట్లు తోముతున్నాను, తిరిగి చూస్తే పిల్ల కింద మెట్టు మీద కూర్చుని కొబ్బరిపీచుతో మోకాళ్లు రుద్దుకుంటుంది. అంట్లు తోమే పీచే, బూడిద అంటుకునుంది. ఒక మోకాలు అప్పటికే తోలు లేచిపోయి రక్తం చెమ్మ వస్తుంది, అయినా ఏడవట్లేదు, పళ్లు బిగబట్టి రుద్దుతూనే ఉంది. ఏంటే ఇది అంటే "డాన్సులో నన్ను వెనక వరసలో పెట్టారమ్మా, నల్లగా ఉన్నానంట" అంది. ఏ తల్లైనా అప్పుడు ఏం చెయ్యాలండి, ఆ పీచు లాగి పారేసి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, మర్నాడు బడికెళ్లి అడగాలి. నేనేమన్నానో తెలుసా అండి, "పీచుతో రుద్దితే పోదమ్మా, నిమ్మచెక్క రాయాలి" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. ఆ తర్వాత ఆ పిల్ల ఏ నొప్పొచ్చినా నాకు చెప్పేది కాదు. జ్వరమొస్తే ఒళ్లు పట్టుకుని చూస్తేనే తెలిసేది. బుద్ధిమంతురాలు, నోరెత్తదు అని ఊరంతా మెచ్చుకుంటే నేనూ పొంగిపోయేదాన్ని.

పసుపు రంగు గౌను వద్దన్నది నేనే, ఎండలో ఆడొద్దన్నది నేనే, సున్నిపిండి, మీగడ, తెల్లబడతారని అమ్మే ఆ క్రీము ట్యూబులు అన్నీ నేనే. ఆ క్రీము చేసేవాళ్లు కూడా 2020లో పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేశారు, మన నోళ్లలోంచి మాత్రం పోలేదు. సంబంధాల టైములో ఎన్ని పడ్డామో ఇక్కడ రాయను, ఆడపిల్లున్న ప్రతి ఇంటికీ తెలుసు. మంచి అల్లుడే దొరికాడు, ఇద్దరూ ఉద్యోగాల మీద అమెరికా వెళ్లారు, అట్లాంటా దగ్గర ఉంటారు.

దాని పురిటికని నేను వెళ్లాను. ఆర్నెల్లున్నాను. వాళ్ల పక్కిల్లు ఒక నల్లజాతి ఆవిడది, నలభై ఏళ్లుంటాయి, ఒక కొడుకు పెద్దవాడు, కూతురు చిన్నది ఆరేళ్లది. వెళ్లిన కొత్తలో మన తెలుగావిడే ఒకామె మా అమ్మాయిని పక్కకి పిలిచి "వాళ్లతో ఎక్కువ పెట్టుకోకు, రేపు నీ పిల్లని ఆ నల్లోళ్లింటికి పంపకు" అని చెప్పింది, నేను అక్కడే ఉన్నా. మా అమ్మాయి మొహం చూశాను, రేవు దగ్గర చూసిన మొహమే.

ఆదివారం మధ్యాహ్నాలు ఆ పక్కింటావిడ వరండా మెట్ల మీద కూర్చుని కూతుర్ని మోకాళ్ల మధ్య కింద మెట్టు మీద కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఆ జుట్టు మన జుట్టులా కాదు, ఉంగరాలు ఉంగరాలుగా దట్టంగా ఉంటుంది, నీళ్లు చల్లి, నూనె రాసి, పాయ పాయకీ సన్నగా పాపిడి తీసి, నెత్తి మీదే అంటుకునేట్టు వరసలు వరసలుగా అల్లి, చివర పూసలు గుచ్చేది, రెండు గంటలు మూడు గంటలు పట్టేది. నూనె సీసా చూస్తే కొబ్బరినూనె! మా ఊళ్లో అరుగుల మీద మేం చేసే పనే, అదే కూర్చోవడం, పిల్ల తల కదిపితే అదే నెత్తి మీద చిన్న దెబ్బ. తేడా ఎక్కడంటే దువ్వుతున్నంత సేపూ ఆవిడ ఏదో చెప్తూనే ఉండేది, పిల్ల తిరిగి గట్టిగా చెప్పేది. ఏమంటుందే అని మా అమ్మాయినడిగితే, నీ జుట్టు ఎలాంటిది అనడిగితే ఇది మా అమ్మమ్మ జుట్టు అంటుంది, నీ రంగు ఎలాంటిది అంటే మా తాత రంగు అంటుంది, నీకు నొప్పేస్తే ఏం చేస్తావు అంటే గట్టిగా చెప్తాను, వినకపోతే మళ్లీ చెప్తాను అంటుంది, అని చెప్పింది. ఈ జడల మీద కూడా అక్కడ పెద్ద గొడవే ఉందంట, ఈ జడలు వేసుకొస్తే బడికి రావద్దని, ఉద్యోగం ఇచ్చేది లేదని అనేవాళ్లంట, అలా అనకూడదని 2019లో కాలిఫోర్నియాలో ముందుగా చట్టం చేశారు, తర్వాత చాలా రాష్ట్రాలు చేశాయి. జడ కోసం చట్టం తెచ్చుకోవాల్సి వచ్చిన తల్లులు వాళ్లు.

కాన్పు బాగానే అయింది, ఆడపిల్ల. వీడియో కాల్‌లో మా ఆడపడుచు అడిగిన మొదటి మాట "రంగెలా ఉంది వదినా" అని. తల్లీ పిల్లా క్షేమమా అన్నది దాని తర్వాత.

ఎనిమిదో రోజున మా అమ్మాయి తల పట్టుకు కూర్చుంది. రెండు రోజులుగా నొప్పి ఉందంట, చెప్పలేదు. నేను బాలింతకి చలిగాలి తగిలిందనుకుని చెవుల్లో దూది పెట్టి తలకి గుడ్డ కట్టాను, శొంఠి కాఫీ ఇచ్చాను. సాయంత్రం పక్కింటావిడ ఏదో వండి తెచ్చి ఇచ్చి వెళ్తూ దాని మొహం చూసి ఆగిపోయింది. కళ్లు మసకగా ఉన్నాయా అనడిగింది, కాళ్లు నొక్కి చూసింది, పరిగెత్తుకెళ్లి వాళ్లింట్లోంచి బీపీ మిషన్ తెచ్చింది, పైన 168 కింద 112. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఫోనెత్తినావిడ మామూలు తలనొప్పి మాత్ర వేసుకుని పడుకోమంది, మా అమ్మాయి సరే అనేసింది కూడా. పక్కింటావిడ ఫోన్ లాక్కుంది. ఏం మాట్లాడిందో నాకు అర్థం కాలేదు కానీ గొంతు పెంచలేదు, ఒక్కో మాటా నొక్కి నొక్కి చెప్పింది, అరగంటలో మేం ఆసుపత్రిలో ఉన్నాం, మా అల్లుడు డ్రైవింగ్, ఆవిడ వెనక సీట్లో మా అమ్మాయి పక్కన. కాన్పయ్యాక కూడా గుర్రపువాతం రావొచ్చంట, ఆరు వారాల దాకా ఆ భయం ఉంటుందంట, బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్తుందంట. ఇరవై నాలుగు గంటలు మెగ్నీషియం సెలైన్ ఎక్కించారు. ఇది చదివే బాలింతల తల్లులు, అత్తలు దయచేసి గుర్తు పెట్టుకోండి, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకలేసినా, మొహం ఉబ్బినా దూదీ శొంఠీ తర్వాత, ముందు ఆశా కార్యకర్తని పిలిచో పీహెచ్‌సీకి వెళ్లో బీపీ చూపించండి. ముప్పై ఏళ్లు గర్భిణీలకి బాలింతలకి పౌష్టికాహారం గురించి చెప్పిన నాకే అది తోచలేదు.

మా అమ్మాయి ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ మనవరాల్ని చూసుకోడానికి నాకు తోడు ఎవరున్నారనుకున్నారు, పక్కింటావిడ తల్లి, ఆవిడ చెల్లెలు, వాళ్ల చర్చి ఆడవాళ్లు ఇద్దరు. మాకు ఒకళ్ల మాట ఒకళ్లకి రాదు. ఒకావిడ చిలగడదుంపలతో "పై" అనే తీపి వంటకం చేసి తెచ్చింది, మా అత్తగారు బెల్లంతో ఉడకబెట్టే చిలగడదుంప రుచే గుర్తొచ్చింది నాకు.

మా అమ్మాయి ఇంటికొచ్చాక పక్కింటావిడ్ని అడిగాను, నీకెలా తెలిసింది తల్లీ అని. వాళ్ల చిన్నాన్న కూతురు ఇలాగే పోయిందంట, నొప్పి అంటే ఎవరూ వినలేదంట. అప్పుడు చెప్పింది, అమెరికాలో ప్రభుత్వ లెక్కే ఇది, 2023లో లక్ష ప్రసవాలకి నల్లజాతి తల్లులు 50 మంది పోతే తెల్లజాతి తల్లులు 14, 15 మంది పోయారు. మూడు రెట్లు పైనే. డబ్బు లేక, చదువు లేక మాత్రమే కాదు, చదువుకున్న వాళ్లకీ ఈ తేడా ఉంది. టెన్నిస్ ఛాంపియన్ సెరీనా విలియమ్స్ తెలుసు కదండి, ప్రపంచంలో ఆవిడ పేరు తెలియని వాళ్లుండరు, 2017లో కూతురు పుట్టిన మర్నాడు ఊపిరి అందట్లేదు, గడ్డలు కట్టినట్టున్నాయి, స్కాన్ తియ్యండి అని తనే చెప్తే నర్సు మందుల మత్తులో ఏదో అంటున్నావు అనుకుందంట. ఆవిడ వదల్లేదు, స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో నిజంగానే గడ్డలున్నాయి. అంత పెద్దావిడ కూడా పట్టుబట్టబట్టి బతికింది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ మెట్ల మీద ఆదివారం పాఠం దేనికో. పిల్లకి కాన్ఫిడెన్స్ అంటే స్టేజీ ఎక్కి మాట్లాడటం, ఇంగ్లీషు గడగడా చదవడం అనుకుంటాం మనం. ఆవిడ నేర్పేది అది కాదండి, నా ఒంట్లో నొప్పుంది, నా మాట విను అని చెప్పగలిగే గొంతు. నా రంగు బాగోలేదు, నా జుట్టు బాగోలేదు, నేను వెనక వరసలో ఉండాల్సినదాన్నే అని చిన్నప్పుడే నమ్మేసిన పిల్ల పెద్దయ్యాక ఆసుపత్రి మంచం మీద కూడా నోరెత్తదు. మా అమ్మాయి రెండు రోజులు నొప్పి దాచింది ఎందుకంటే నేను దాన్ని అలా పెంచాను, నేనొక్కదాన్నే కాదు, మా వీధంతా కలిసి పెంచింది.

వీధి మాట ఎందుకంటున్నానంటే, వాళ్లకి తల్లి ఒక్కతే పెంచడం అని లేదు. ఒకరోజు ఆ చిన్నపిల్ల బడి నుంచి ఏడుస్తూ వచ్చింది, ఎవరో నీ చర్మం మురికిగా ఉంది కడుక్కో అన్నారంట. వాళ్లమ్మ ఊరుకోలేదు, పట్టించుకోకు అనలేదు, ముందు పిల్ల చేత జరిగిందంతా మొదట్నుంచీ చెప్పించింది, మర్నాడు టీచర్ దగ్గరకెళ్లింది, ఆ సాయంత్రమే అమ్మమ్మ, పిన్ని, చర్చి ఆడవాళ్లు అందరూ వాళ్ల వంటింట్లో ఉన్నారు, ప్రతి ఒక్కళ్లూ పిల్లని దగ్గరకి తీసుకుని తమకి చిన్నప్పుడు ఏం జరిగిందో చెప్పారు. వాళ్ల అమ్మమ్మ విల్మా రుడాల్ఫ్ కథ చెప్పింది, టెనెసీలో 1940లో పుట్టిన పిల్ల, ఇంట్లో ఇరవై రెండు మందిలో ఇరవయ్యో బిడ్డ, పోలియోతో కాలు పడిపోతే డాక్టర్లు నడవదన్నారు, వాళ్లమ్మ నడుస్తుంది అంది, నల్లవాళ్లని చూసే ఆసుపత్రి యాభై మైళ్ల అవతల నాష్‌విల్‌లో ఉంటే బస్సులో తిప్పింది, ఇంట్లో అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు వంతులేసుకుని కాలు మర్దన చేశారు, ఆ పిల్ల 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పరుగులో మూడు బంగారు పతకాలు గెలిచింది. నాకు మర్దన చేసిన ఆ పిల్లల చేతులే కళ్లముందు మెదిలాయి.

పక్కింటావిడ మగపిల్లాడి సంగతి వేరే బాధ. కార్ నేర్చుకుంటున్నాడు, మనం అయితే హెల్మెట్ పెట్టుకో, నిదానంగా వెళ్లు అంటాం. ఆవిడ చెప్పేది, పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేట్టు పెట్టు, జేబులో చెయ్యి పెట్టకు, కాగితాలు తీసే ముందు చెప్పి తియ్యి, అని. తల ఎత్తుకుని బతకమని నేర్పిన నోటితోనే ప్రాణం కాపాడుకోవడానికి ఇదీ నేర్పాలి. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు వణికింది. మనం చూసే రంగు వివక్ష, వాళ్లు పడే జాతి వివక్ష ఒకటేనని నేను అనట్లేదండి, వాళ్ల వెనక బానిసత్వం ఉంది, అంత చరిత్ర ఉంది. కానీ మనకి కూడా పిల్ల రంగు చూసి ఎవరి తాలూకు, ఏ పేట అని కులం అంచనా కట్టే అలవాటు లేదా, గుండె మీద చెయ్యేసుకుని చెప్పమనండి.

ఇంకొకటి మా అమ్మాయి చదివి చెప్పింది, ఇది విని నాకు నిద్ర పట్టలేదు. 1940ల్లో మేమీ క్లార్క్ అని నల్లజాతి సైకాలజిస్టు, ఆవిడ భర్త కెన్నెత్ క్లార్క్, ఇద్దరూ మూడు నుంచి ఏడేళ్ల లోపు నల్లపిల్లల ముందు బొమ్మలు పెట్టారు, అన్నీ ఒకటే, రంగే తేడా. ఏ బొమ్మ మంచిది అంటే ఎక్కువ మంది తెల్లబొమ్మ చూపించారు, ఏది చెడ్డది అంటే నల్లది చూపించారు, ఆఖర్న నీలా ఉన్నది ఏది అనడిగితే కొంతమంది పిల్లలు ఏడ్చి గదిలోంచి వెళ్లిపోయారంట. 1954లో అమెరికా సుప్రీంకోర్టు తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు వేరు బడులు చెల్లవని చెప్పిన తీర్పులో ఈ పరిశోధన కూడా లెక్కలోకి వచ్చింది. మూడేళ్లు, నాలుగేళ్లు, అవి నా సెంటర్ పిల్లల వయసులే కదండి! ముప్పై ఏళ్లలో నా సెంటర్లో ఉన్న బొమ్మలు గుర్తు చేసుకున్నా, ఒక్కటంటే ఒక్కటి మా పిల్లల రంగులో లేదు, అన్నీ గులాబీ రంగు, పసుపు జుట్టు.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని, ముదురు గోధుమ రంగు జాకెట్ గుడ్డ కొని, పాత దూది కూరి, నల్ల ఊలుతో జడ అల్లి నాలుగు బొమ్మలు కుట్టాను. నరసాపురంలో లేసు అల్లే మా పిన్ని కూతురు వాటికి చిన్న చిన్న లేసు గౌన్లు అల్లిచ్చింది, పసుపు రంగువి. ఇప్పుడున్న టీచరమ్మాయి సంతోషంగా తీసుకుని సెంటర్లో పెట్టింది. మొదటి వారం ఎవరూ ముట్టుకోలేదంట, ఒక పిల్లాడు "దీనికి మసి అంటుకుంది టీచర్" అన్నాడంట. నేను రోజూ వెళ్లి ఒక బొమ్మని ఒళ్లో పెట్టుకుని జడ విప్పి మళ్లీ అల్లుతూ కూర్చున్నా, ఏమీ చెప్పలేదు. రెండో వారంలో ఒక పాప వచ్చి నా మోకాలి దగ్గర నిలబడి, కాసేపు చూసి, తన నుదుటి మీద స్టిక్కర్ తీసి బొమ్మకి పెట్టింది.

కోనసీమలో ఒకరి పిల్లని ఇంకొకరు చూడటం కొత్త కాదండి. వచ్చిన వాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారు బతికిన నేల ఇది, ఆవిడ ఉన్న లంకల గన్నవరం మాకు ఎంతో దూరం లేదు, ఇప్పుడు బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. వరదొస్తే ఎవరి పిల్లలో చూసుకోకుండా పడవెక్కిస్తాం, ఎత్తున ఉన్న ఇంట్లో అందరికీ ఒకటే గుండిగలో వండుతాం. అంత చేసే ఆడవాళ్లమే ఒక పసిపిల్ల మొహం మీద "నలుపు, కట్నం ఎక్కువ దాచుకో" అని ఎలా అనగలుగుతున్నాం! తల్లి ఏడాదంతా చెప్పి నిలబెట్టిన పిల్లని పేరంటంలో ఒక్క మాటతో కూలదోస్తాం, నేను కూడా అన్నదాన్నే, ఇతరుల పిల్లల్ని.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది ఎడిటర్ గారూ. పెళ్లి ప్రకటన తీసుకునేటప్పుడు చదువు, ఉద్యోగం, ఎత్తు, వయసు రాయించుకోండి, రంగు మాట ఉంటే అది వెయ్యం అని చెప్పండి. ఇంగ్లీషులో కూడా ఫెయిర్ అని వెయ్యొద్దు. ఆదాయం పోతుందేమో అంటారేమో, రంగు రాయలేదని సంబంధాలు వెతుక్కోవడం ఎవరూ మానరు. అలాగే ఎండాకాలం వస్తే మీ ఆడవాళ్ల పేజీలో నలుపు పోగొట్టే చిట్కాలు అని వేస్తారు, ఆ చోటులో బాలింతలకి బీపీ గురించి వేయించండి, నేను రాసిస్తాను కావాలంటే. మా మండలంలో అంగన్‌వాడీ వాళ్లం, ఆశా అమ్మాయిలు, డ్వాక్రా సంఘాల వాళ్లం నెల నెలా కలుస్తాం, మొన్న మీటింగ్‌లో ఈ సంగతంతా చెప్తే పదిహేను మంది దాకా నాతో పాటు సంతకం పెడతామన్నారు, ఆ కాగితం దీనితో పంపుతున్నా.

సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు వస్తున్నారు. దానికి మొదటి భోగిపళ్లు. పేరంటానికి పిలవడానికి ఇంటింటికీ వెళ్లినప్పుడు బొట్టు పెట్టి ఒక మాట చెప్పి వస్తున్నా, రేగిపళ్లు, చిల్లర, పువ్వులు ఎన్నైనా పొయ్యండమ్మా, పిల్ల రంగు మాట మాత్రం ఎవరూ ఎత్తొద్దు అని. కొంతమంది మొహాలు ముడుచుకున్నారు. మా ఆడపడుచుకి ఫోన్ చేసి కూడా చెప్పాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పసుపు రంగు పట్టుగౌను నేను కుట్టిస్తాను వదినా" అంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
కోనసీమ